కలబంద రసంతో విరేచనాలు, మేకలకు పారుడు: కారణమేంటి?

ప్రశ్న: పది గుంటల్లో కలబంద వేశాను. అమ్మకు షుగర్ ఉంది. నెల రోజులుగా పొద్దున్నే పరగడుపున ఒక మట్టను తొక్కతో సహా మిక్సీలో వేసి తాగుతోంది. వారం నుంచి మోషన్లు అవుతున్నాయి, పిక్కలు గుంజుతున్నాయంటోంది. పారేసిన తొక్కలు తిన్న రెండు మేకలు కూడా పారుతున్నాయి. తోటకు ఏదైనా తెగులు సోకిందా?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: తోటకు తెగులేమీ కాదు. ముందు అమ్మ సంగతి చూడండి. రసం ఇవాళే మాన్పించి, ఆమెను దవాఖానకు తీసుకెళ్లండి. షుగర్‌తో పాటు పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది) పరీక్షలు కూడా చేయించమని అడగండి. తాగుతున్న రసం గురించి, వేసుకుంటున్న గోలీల గురించి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆమె వాడే గోలీలకు కలబంద తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు. గోలీలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

కలబంద మట్ట కోయగానే తొక్క కింది నుంచి పసుపు పచ్చని జిగురు కారుతుంది. దాన్ని ఎండబెడితేనే మన పెద్దలు బెణుకులకు పట్టు వేసే ముసాంబరం అవుతుంది. అందులోని అలోయిన్ అనే పదార్థం పేగులను గట్టిగా కదిలిస్తుంది. మోషన్లతో పాటు ఒంట్లోని పొటాషియం పోతుంది. అమ్మ పిక్కలు గుంజడానికి అదే కారణం కావచ్చు. గుండె మందులు, మూత్రం ఎక్కువ పోయించే బీపీ గోలీలు వాడేవారికి ఇది మరింత ప్రమాదం. ఈ జిగురును రోజుకు ఒక గ్రాము చొప్పున కొన్ని రోజులు తీసుకున్నా కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఇది సురక్షితమని కంపెనీలు తగిన రుజువులు చూపకపోవడంతో, డాక్టరు చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల్లో దీన్ని వాడకుండా అమెరికా 2002లోనే ఆపేసింది. మొత్తం మట్ట సారాన్ని రెండేళ్లు నీళ్లలో కలిపి ఎలుకలకు తాగిస్తే పెద్దపేగులో కణుతులు వచ్చాయి. మనుషుల్లో ఇది రుజువు కాలేదు. అయినా మట్టను తొక్కతో రుబ్బి తాగమని నేను ఎవరికీ చెప్పను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు అసలు తాగకూడదు.

లోపలి తెల్లని గుజ్జు వేరు. మట్టను మొదలు కిందికి ఉండేలా నిలబెట్టి పచ్చ జిగురంతా కారనివ్వాలి. ముళ్ల అంచులు, రెండు వైపుల తొక్క మందంగా తీసేసి, గుజ్జును రెండు మూడు నీళ్లలో కడగాలి. ఇంత చేసినా అమ్మకు మాత్రం డాక్టరు సరేనంటేనే ఇవ్వండి. ఒంటికి పూయాలన్నా ముందు మోచేతి లోపల కాస్త రాసి ఒక రోజు చూడండి, కొందరికి దద్దుర్లు వస్తాయి.

మేకలు తిన్న తొక్కల్లోనే జిగురు ఎక్కువగా అంటుకుని ఉంటుంది. ఇక వాటి దరికి రానివ్వకండి, తొక్కలను గుంతలో వేసి మట్టి కప్పండి. మేకలకు శుభ్రమైన నీళ్లు అందుబాటులో ఉంచండి, ఎండు మేత వేయండి. నీరసంగా పడుకున్నా, మేత ముట్టకపోయినా ఆలస్యం చేయకుండా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. ఆవులు, గేదెల పొదుగు వాపుకు 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి రుబ్బి పూయడం మీరు వినే ఉంటారు. అది పైపూత మాత్రమే. కడుపులోకి పోయకండి, పాలు పిండే ముందు పొదుగు బాగా కడగండి. పారుతున్న ఆ రెండు మేకల్లో చూడిది ఉంటే పశువైద్యుడికి ముందే చెప్పండి.