టీనేజ్ అమ్మాయిల్లో అదుపు తప్పిన తిండికి మాటల చికిత్స ఎలా పనిచేస్తుంది?

ఇందుకోసం పరీక్షించిన పద్ధతుల్లో ఒకటి ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ, పొట్టిగా ఐపీటీ. ఇందులో డైట్ చార్టు ఉండదు, కేలరీల లెక్కా ఉండదు. ఇంట్లో గొడవో, స్నేహితురాలు దూరం పెట్టడమో మనసు పాడుచేస్తుంది. ఆ బాధ మరవడానికి తినడం మొదలుపెడితే, ఇక చాలనుకున్నా చెయ్యి ఆగదు. ఐపీటీ పట్టుకునేది ఈ ముడినే.

మొదట థెరపిస్టు అమ్మాయితో విడిగా కూర్చుని, ఎవరితో సంబంధం ఎలా ఉందో, ఏ సంఘటన తర్వాత తిండి అదుపు తప్పిందో వరసగా రాయిస్తారు. ఆపైన 12 వారాలు, వారానికోసారి గంటన్నర చొప్పున చిన్న గ్రూపు. అమ్మ అందరి ముందూ బరువు మాట ఎత్తుతోందనుకోండి. కోపం చల్లారాక, "నువ్వెప్పుడూ ఇంతే" అనకుండా "అలా అంటే నాకు సిగ్గుగా ఉంటుందమ్మా" అనడం గ్రూపులో నటించి చూస్తారు. ఇంట్లో అని, ఏమైందో వచ్చే వారం చెప్పాలి. అసలు పని ఇక్కడే జరుగుతుంది. ఇంటి దగ్గర ప్రయత్నించకపోతే గ్రూపు కబుర్లతో సరి.

బరువు మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. 12–17 ఏళ్ల 113 మందితో అమెరికాలో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత) పెరుగుదలను ఆపడంలో ఐపీటీ మామూలు ఆరోగ్య పాఠాలను మించలేదు. ఏడాది తర్వాత చూస్తే అతిగా తినడం మాత్రం ఐపీటీ గ్రూపులోనే ఎక్కువ తగ్గింది.

తిన్నాక వాంతి చేసుకోవడం, రోజుల తరబడి పస్తులుండడం కనిపిస్తే ఈ గ్రూపు చాలదు. ముందు డాక్టరుకు చూపించాలి.