కొత్త ఓఓ నమూనా రైలు వ్యాగన్లు పట్టాలు తప్పుతున్నాయి: వాపసు ఇవ్వాలా, మనమే సరిచేసుకోవాలా?

వ్యాగన్లను ఇంకా విప్పలేదు కదా? అయితే విప్పకండి. ఒక్క స్క్రూ ఊడదీసినా, ఒక్క జిగురు చుక్క పడినా "పాడుచేసింది మీరే" అనే అవకాశం దుకాణం వాళ్లకు మీరే ఇచ్చినట్టవుతుంది. కావలసిన కొలతలన్నీ బయటినుంచే తీయవచ్చు.

మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బ్రిటన్‌లోనే ఉంటూ, అక్కడి దుకాణంలో ఆన్‌లైన్‌లో రెండు వారాల క్రితం మూడు ఓఓ (అసలు బండి అడుగుకు 4 మి.మీ. లెక్కన చేసే బ్రిటిష్ నమూనా కొలత) వ్యాగన్లు కొన్నారు. రెండు 16 టన్నుల ఇనుప బొగ్గు వ్యాగన్లు, ఒకటి బోగీల (వ్యాగన్ కింద విడిగా తిరిగే చక్రాల చట్రాలు) హాపర్ (అడుగు నుంచి సరుకు దించే వ్యాగన్). మొదటి బొగ్గు వ్యాగన్ వెనక్కి నెట్టినప్పుడు పాయింటు (పట్టాల దారి రెండుగా చీలే చోటు) మీద పట్టాలు తప్పుతోంది. రెండోది నడుస్తూ నడుస్తూ పక్క వ్యాగన్ నుంచి దానంతటదే విడిపోతోంది. హాపర్ వంపుల దగ్గర ఒక వైపు లేచి పడిపోతోంది. ఈ మూడింటికీ కారణాలు వేరు. అందులో రెండు మీ చేతిలో పని, ఒకటి వాపసు ఇవ్వాల్సిన సరుకు కావచ్చు. ఏది ఏదో కొలిస్తేనే తేలుతుంది.

ముందుగా తప్పు పట్టాలది కాదని తేల్చుకోండి. అదే వ్యాగన్‌ను మూడు నాలుగు వేర్వేరు పాయింట్ల మీద నెట్టి చూడండి. తర్వాత అదే పాయింటు మీద బాగా నడిచే పాత వ్యాగన్లను నెట్టండి. ఒక వ్యాగన్ అన్ని చోట్లా తప్పితే లోపం వ్యాగన్‌ది. అన్ని వ్యాగన్లూ ఒకే చోట తప్పితే పాయింటుది. ఈ పరీక్షను ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి, ఫిర్యాదుకు అదే మొదటి సాక్ష్యం.

కావలసిన సామాను: డిజిటల్ క్యాలిపర్ (సన్న కొలతలు తీసే పరికరం), చదునైన దళసరి గాజు పలక లేదా అద్దం, వంటింట్లో వాడే డిజిటల్ తూకం, మీటరు పొడవున్న తిన్నని చెక్క పలక, దాని మీద ఒక పట్టా ముక్క.

పాయింటు మీద తప్పే వ్యాగన్‌లో మొదట చూడాల్సింది చక్రాల జత లోపలి కొలత, అంటే ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాల వెనుక ముఖాల మధ్య దూరం. పట్టాల మధ్య 16.5 మి.మీ. ఉన్న దారిలో నడిచే ఓఓ, హెచ్ఓ (ఓఓ కంటే కాస్త చిన్న నమూనా కొలత) చక్రాలకు అది 14.4 నుంచి 14.5 మి.మీ. మధ్య ఉంటే ఏ చిక్కూ ఉండదు. 14.2కో 14.1కో దిగితే చక్రాల వెనుక ముఖాలు చెక్ రైలును (పట్టాకు లోపలి వైపు ఆనుకుని ఉండే కాపు పట్టా), ఫ్రాగ్ (రెండు పట్టాలు దాటుకునే వి ఆకారపు చోటు) పక్క రెక్కలను నొక్కుకుంటాయి. ఆ ఒత్తిడికి ఇరుసు పైకి లేస్తుంది. 14.7 దాటితే వేరే రకం ప్రమాదం. చెక్ రైలు పని ఈ వైపు చక్రాన్ని వెనుక నుంచి పట్టి, అవతలి చక్రం ఫ్లాంజి (చక్రానికి లోపలి వైపు పొడుచుకొచ్చే అంచు) ఫ్రాగ్ ముక్కుకు తగలకుండా తప్పించడం. దూరం ఎక్కువైతే ఆ పట్టు దొరకదు, ఫ్లాంజి ముక్కును గుద్దుకుని తప్పు దారిలోకి వెళుతుంది. ఇంజను లాగేటప్పుడు ఈ లోపం చాలాసార్లు బయటపడదు, వెనక్కి నెట్టినప్పుడే తెలుస్తుంది. మీ లక్షణానికి ఇదే సరిపోతోంది.

ఒక్క చోట కొలిచి ఆగకండి. చక్రాన్ని తిప్పుతూ మూడు చోట్ల కొలవండి. మూడు అంకెలూ ఒకటే అయితే చక్రం జరిగిందంతే. 14.2, 14.5, 14.4 అంటూ మారుతుంటే చక్రం ఇరుసు మీద వంకరగా కూర్చుంది. జరిగిన చక్రాన్ని మీరు సరిచేయగలరు. వంకర చక్రాన్ని సరిచేయలేం, జత మార్చాల్సిందే.

సరిచేసే పద్ధతి: రెండు చక్రాలను రెండు చేతులతో పట్టుకుని, మూత తిప్పినట్టు ఎదురెదురుగా మెలితిప్పుతూ నెమ్మదిగా లాగండి లేదా నొక్కండి. ఊరికే లాగితే ఒక్కసారిగా జారి ఎక్కువ దూరం పోతుంది. సుత్తితో కొట్టే ఆలోచనే వద్దు, ఇరుసు చివరి మొనలు మొద్దుబారితే మళ్లీ ఎప్పటికీ తేలిగ్గా తిరగదు. రెండు చక్రాలూ ఇరుసు మధ్య నుంచి సమాన దూరంలో ఉన్నాయో లేదో కూడా చూడాలి. లోపలి కొలత సరిగ్గా 14.5 ఉన్నా జత మొత్తం అర మిల్లీమీటరు ఒక పక్కకు జరిగి ఉంటే వ్యాగన్ పక్కకు పట్టుకుని నడుస్తుంది. కుదిరిన చోట చక్రం వదులుగా అనిపిస్తే సూది మొనతో ఒక చిన్న సూపర్ గ్లూ చుక్క పెడితే చాలు. అయితే ఇది వాపసు ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాకే.

చక్రాల కొలత బాగున్నా తప్పుతుంటే ఇరుసులు సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. 16 టన్నుల వ్యాగన్‌లో రెండు ఇరుసుల మధ్య దూరం అసలు బండిలో 9 అడుగులు, అంటే ఓఓలో 36 మి.మీ. ఎడమ పక్క కొలవండి, కుడి పక్క కొలవండి. రెండింటికీ తేడా 0.2 మి.మీ. దాటితే ఛాసిస్ (అడుగు చట్రం) వంకరగా అచ్చయింది. ఫ్లాంజి ఎప్పుడూ ఒకే పట్టాను రాసుకుంటూ పోతుంది. ఇది ఇంట్లో బాగుచేసే పని కాదు, వాపసు ఇచ్చేయండి.

ఇప్పుడు గాజు పరీక్ష. వ్యాగన్‌ను గాజు మీద పెట్టి నాలుగు మూలలా వేలితో తేలిగ్గా నొక్కండి. ఊగితే ఒక చక్రం గాలిలో ఉందన్నమాట. ఏ చక్రమో కనిపెట్టి దాని కింద మామూలు ప్రింటర్ కాగితం ముక్కలు ఒక్కొక్కటి దూర్చండి. ఒక్కో కాగితం సుమారు 0.1 మి.మీ. దళసరి. రెండు కాగితాల వరకు పట్టించుకోనక్కర్లేదు. మూడు, అంతకు పైన దూరితే లోపమే. ఫ్లాంజి లోతు మిల్లీమీటరు కూడా ఉండదు, అందులో మూడో వంతు పోతే పట్టును నమ్మలేం. నాలుగు చక్రాల వ్యాగన్‌లో ఛాసిస్ బిగుసుకుని ఉంటుంది, పట్టా ఎత్తుపల్లాలకు వంగే వీలు లేదు.

మెలిక ఎందుకొచ్చిందో కూడా తెలుసుకోవాలి. అచ్చు నుంచి ప్లాస్టిక్‌ను పూర్తిగా చల్లారకముందే తీస్తే అది మెలితిరుగుతుంది. అంతకంటే తరచుగా తప్పు చేసేది లోపల బరువు కోసం పెట్టే ఇనుప పట్టీ. పట్టీ కొంచెం వంగి ఉన్నా స్క్రూ బిగించగానే వ్యాగన్ అడుగును తన వంపుకు లాగేస్తుంది. వాపసు గడువు దాటిపోయి ఉంటేనే విప్పి చూడండి. పట్టీ తీయగానే ఛాసిస్ తిన్నగా అయితే పట్టీని సరిచేస్తే సరి. అప్పటికీ మెలిక ఉంటే చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో (మరిగే నీళ్లు కాదు) రెండు నిమిషాలు ఉంచి, గాజు మీద బరువు పెట్టి చల్లారనివ్వాలి.

మీ హాపర్ సంగతి వేరు. బోగీ వ్యాగన్ మూడు చోట్ల ఆనినట్టు నిలబడాలి. ఒక బోగీ అటూ ఇటూ ఊగాలి, రెండోది పక్కలకు ఊగకుండా కేవలం తిరగాలి. ఫ్యాక్టరీలో రెండు స్క్రూలనూ ఒకే బిగువుతో బిగించేస్తారు. అప్పుడు వంపులో పట్టా కాస్త మెలి తిరిగినా ఒక మూల చక్రం లేస్తుంది. ఒక బోగీ స్క్రూను పూర్తిగా బిగించి పావు తిప్పు వదలండి. రెండోదాన్ని అర తిప్పు నుంచి ముప్పావు తిప్పు వరకు వదలండి. చాలా హాపర్లు దీనితోనే దారికొస్తాయి. మొదట విప్పవద్దన్నాను కాబట్టి చెబుతున్నాను, స్క్రూ ముట్టుకునే ముందు దుకాణానికి ఒక మెయిల్ పెట్టి "బోగీ స్క్రూ వదులు చేసి చూడవచ్చా" అని అడగండి. చాలామంది సరేనంటారు, ఆ అనుమతి రాతపూర్వకంగా మీ దగ్గర ఉంటుంది.

విడిపోయే రెండో వ్యాగన్‌కు కప్లింగ్ (వ్యాగన్లను కలిపే కొక్కెం, కడ్డీ) ఎత్తు చూడాలి. గాజు మీద దీన్నీ, బాగా నడిచే ఇంకో వ్యాగన్‌నూ ఎదురెదురుగా పెట్టి పక్కనుంచి చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. ఎన్‌ఈఎం పాకెట్‌లో (కప్లింగ్ దూర్చే ప్రామాణిక గూడు) కప్లింగ్ తోక వదులుగా కూర్చుంటే ముందు భాగం వాలుతుంది, వాలిన కొక్కెం అవతలి కడ్డీ కింద నుంచి జారిపోతుంది. 0.25 మి.మీ. ప్లాస్టిక్ రేకు ముక్కను తోక కింద దూరిస్తే లేస్తుంది. పాకెట్టే వంగి అచ్చయి ఉంటే దుకాణాన్ని కొత్త పాకెట్ అడగండి. కొక్కెం తనంత తాను కిందికి పడాలి. వేలితో ఎత్తి వదిలినప్పుడు ఆగిపోతే దాని కీలులో అచ్చు అంచు మిగిలింది, బ్లేడుతో గీకితే పోతుంది.

బరువు. నాలుగు చక్రాల ఓఓ వ్యాగన్‌కు ఇరుసుకు 25 గ్రాములు, అంటే 50 గ్రాములు చాలామంది పాటించే లెక్క. హెచ్ఓలో అమెరికా నమూనా రైళ్ల సంఘం ఎన్ఎంఆర్ఏ సిఫారసు వేరు: మొదట ఒక ఔన్సు, ఆపైన పొడవు ఇంచీకి అర ఔన్సు. ఆరు ఇంచీల వ్యాగన్‌కు 4 ఔన్సులు, సుమారు 113 గ్రాములు. 30 గ్రాముల ఖాళీ వ్యాగన్‌ను పొడవాటి రైలు మధ్యలో పెట్టి వెనక్కి నెడితే మిగతా అన్నీ సరిగా ఉన్నా పడుతుంది. బరువు కలిపేటప్పుడు ఒక జాగ్రత్త: సీసపు గుళ్లను తెల్ల పీవీఏ జిగురుతో అంటించకండి. ఏళ్లు గడిచేకొద్దీ సీసం ఆ జిగురుతో చర్య జరిపి ఉబ్బుతుంది, మూసి ఉన్న ట్యాంకు వ్యాగన్ల పక్కలు పగిలిపోతాయి. ఎపాక్సీ వాడండి, లేదా ఇనుప నట్లు పెట్టండి.

తిరిగే తీరు చూడటానికి మీటరు పలకను ఒక చివర 3 సెం.మీ. ఎత్తండి. మొనదేలిన ఇరుసులున్న వ్యాగన్ వదలగానే దొర్లిపోవాలి. దొర్లకపోతే ముందు బ్రేకు దిమ్మెలు చక్రాలను రాసుకుంటున్నాయేమో చూడండి. కొత్త వ్యాగన్లలో నాకు పదే పదే కనిపించేది ఇదే. తర్వాతే బేరింగు గుంటలో మిగిలిన ప్లాస్టిక్ పొక్కు. నూనె వేయకండి, దుమ్ము పట్టి జిడ్డవుతుంది. గ్రాఫైట్ పొడి చిటికెడు చాలు.

"ఇంత డబ్బు పోసి కొన్నవాటిని ఫ్యాక్టరీలో చూడరా?" అని అడిగారు. చూస్తారు, కానీ అన్నిటినీ కాదు. బ్రిటిష్ బ్రాండ్ల సరుకులో ఎక్కువ భాగం చైనాలో తయారవుతుంది. ఎగుమతి సరుకుల తనిఖీలో విరివిగా వాడేది ఐఎస్ఓ 2859-1 నమూనా పట్టిక. 2,000 వ్యాగన్ల లాటు అనుకోండి. సాధారణ రెండో స్థాయి తనిఖీలో 125 తీసి చూస్తారు. ఏక్యూఎల్ (ఎంత శాతం లోపాలను సహించవచ్చో చెప్పే అంకె) 2.5 దగ్గర ఆ 125లో లోపమున్నవి 7 దొరికినా లాటు మొత్తం పాస్, 8 దొరికితేనే తిరస్కారం. ఏక్యూఎల్ 1.0 అయితే 3 వరకు పాస్. పైగా లోపం అంటే ఏమిటన్నది తనిఖీ జాబితాలో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. రంగు, అక్షరాలు, విరిగిన మెట్టు కంటికి కనిపిస్తాయి. లోపలి కొలత 14.2 ఉండటం గేజి పెడితే తప్ప కనిపించదు. ఈ పద్ధతిలో కొన్ని చెడ్డవి కొనుగోలుదారు చేతికి రావడం అనుకోకుండా జరిగేది కాదు, లెక్కలోనే ఉంది. దాని భారం డబ్బు పెట్టినవాడు మోయాల్సిన అవసరం లేదు, అందుకే మొహమాటపడకుండా ఫిర్యాదు చేయమంటాను.

ఇంకో సంగతి. ఒకే అచ్చులో ఒకేసారి నాలుగు ముక్కలు తయారవుతుంటే, అందులో ఒక గది పాడైతే ప్రతి నాలుగో ముక్కకూ అదే లోపం. దుకాణం పంపే మార్పిడి వ్యాగన్‌లోనూ అదే లోపం కనిపిస్తే అది మీ దురదృష్టం కాదు, ఆ బ్యాచే అంత. అప్పుడు మూడో వ్యాగన్ అడగకండి, డబ్బు అడగండి. పైగా ఈ వ్యాగన్లను ఒకసారి బ్యాచ్‌గా చేసి వదిలేస్తారు. బాడీలూ ఛాసిస్‌లూ విడిగా దొరకడం అరుదు కాబట్టి ఆలస్యం చేయకండి.

లోహపు ఛాసిస్ ఉన్న వ్యాగన్లకు ఒక పెద్ద రోగముంది, జింకు తెగులు. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కొద్దిగా కలిసినా స్ఫటికాల అంచుల వెంట తుప్పు పాకుతుంది. లోహం ఉబ్బి, సన్నటి గీతల్లా పగిలి, చివరికి చేతిలో పొడి పొడి అవుతుంది. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. దీనికి మందు లేదు. కొత్త పెట్టె తెరవగానే వెంట్రుకంత గీతలు, అరటికాయలా వంగిన ఛాసిస్ కనిపిస్తే అతికించే ప్రయత్నం చేయక ఫొటో తీసి వాపసు పంపండి.

చట్టం విషయానికొస్తే, మీ ఒప్పందం దుకాణంతో, తయారీదారుతో కాదు. "కంపెనీకి రాయండి" అంటే ఒప్పుకోకండి. బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువును సాధారణంగా 30 రోజుల్లోపు తిప్పి పంపి పూర్తి డబ్బు తీసుకోవచ్చు. తిప్పి పంపే న్యాయమైన ఖర్చూ వాళ్లదే. 30 రోజులు దాటితే బాగుచేయడానికో మార్చడానికో వాళ్లకు ఒక అవకాశం ఇవ్వాలి, అదీ విఫలమైతే డబ్బు అడగవచ్చు. ఈ బాగుచేత, మార్పిడి అడిగేటప్పుడు, ఆరు నెలల్లోపు లోపం బయటపడితే అది మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించాల్సింది దుకాణమే. క్రెడిట్ కార్డుతో కొన్న ఒక్కో వస్తువు ధర 100 పౌండ్లు దాటితే 1974 వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు సంస్థ కూడా బాధ్యత వహిస్తుంది. అంతకు తక్కువైతే బ్యాంకును ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బును కార్డు ద్వారా వెనక్కి రప్పించడం) అడగాలి.

ఉత్తరంలో కోపం వద్దు, అంకెలు పెట్టండి. ఇలా: "ఆర్డరు సంఖ్య ఇది, ఉత్పత్తి కోడ్ ఇది, అందిన తేదీ ఇది. ముందు ఇరుసు లోపలి కొలత 14.15, 14.2, 14.15 మి.మీ. వెనుక ఇరుసు 14.45. నాలుగు పాయింట్ల మీద నెట్టినప్పుడు తప్పింది, అవే పాయింట్ల మీద వేరే వ్యాగన్లు తప్పలేదు. వీడియో జతచేశాను. వస్తువును తిరస్కరిస్తున్నాను, డబ్బు వాపసు కోరుతున్నాను." క్యాలిపర్ తెర కనిపించేలా ఫొటో జతచేయండి. అదే ఉత్తరం నకలు తయారీదారుకూ పంపండి. డబ్బు కోసం కాదు, ఒకే కోడ్ మీద పది ఉత్తరాలు చేరితే తర్వాతి బ్యాచ్‌కు చక్రాల జతల గేజి చూసేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

హైదరాబాద్‌కో విజయవాడకో విదేశం నుంచి తెప్పించుకునేవాళ్లు ఇది చదువుతుంటే, వ్యాగన్‌ను తిప్పి పంపే ఖర్చు చాలాసార్లు దాని ధరలో పెద్ద భాగమే అవుతుంది. చక్రాల జత, కప్లింగ్ పాకెట్ లాంటివైతే విడి భాగం పంపమని అడగండి, దుకాణాలు తేలిగ్గా ఒప్పుకుంటాయి. మన దేశంలోని దుకాణంలో కొన్నదైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. దుకాణం చెన్నైలో ఉన్నా మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు.

మీ విషయంలో నా సలహా: మొదటి వ్యాగన్‌లో చక్రం వంకరైనా, ఇరుసులు సమాంతరంగా లేకపోయినా వాపసు. కేవలం చక్రం జరిగి ఉంటే సరిచేసుకోండి. రెండోదానికి కప్లింగ్ తోక కింద రేకు దూర్చండి, పాకెట్టే వంగి ఉంటే కొత్తది అడగండి. హాపర్‌కు అనుమతి తీసుకుని స్క్రూ వదలండి. కొలతలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను. 30 రోజుల్లో ఇంకా రెండు వారాలు మిగిలి ఉన్నాయి.