ట్రిపుల్ ఆప్షన్ నేర్పబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో అఫెన్స్ (బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆట) బాధ్యత నీకు ఇచ్చారని, ట్రిపుల్ ఆప్షన్ ఆడించాలనుకుంటున్నావని అమ్మ చెప్పింది. అంటే ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతిని తన వెనకున్న ఫుల్‌బ్యాక్‌కు ఇవ్వాలా, తనే పరుగెత్తాలా, పక్కనున్న స్లాట్‌బ్యాక్‌కు విసరాలా అని అప్పటికప్పుడు తేల్చుకునే ఆట. చాలా సంతోషంగా ఉంది. ఇక్కడ జార్జియా రాష్ట్రంలో హైస్కూల్ పిల్లలకు ఇన్నేళ్లు ఇదే ఆట నేర్పాను కాబట్టి, నువ్వు మొదలుపెట్టకముందే కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

ముందు మీ హెడ్ కోచ్‌తో కూర్చుని తేల్చుకో. ఇప్పుడు ఆడుతున్న పాసింగ్ ఆటకు తోడుగా నాలుగు ఆప్షన్ ప్లేలు కలుపుదాం అని ఆయన అంటే, వద్దని చెప్పు. ఇది సగం సగం నేర్పితే వచ్చే ఆట కాదు. ప్రాక్టీస్ సమయంలో పెద్ద వాటా దీనికే పోతుంది. రెండు మ్యాచ్‌లు ఓడినా ఆయన వెనక్కి తగ్గకూడదు. 1968లో టెక్సస్ యూనివర్సిటీలో కోచ్‌లు డారెల్ రాయల్, ఎమరీ బెల్లార్డ్ కలిసి విష్‌బోన్ అనే ట్రిపుల్ ఆప్షన్ పద్ధతి మొదలుపెట్టినప్పుడు మొదటి మ్యాచ్ డ్రా అయింది, రెండోది ఓడిపోయారు. అయినా ఆ పద్ధతిని వదల్లేదు. క్వార్టర్‌బ్యాక్‌ను మార్చారు, ఫుల్‌బ్యాక్‌ను కాస్త వెనక్కి జరిపారు. ఆ తర్వాత వరసగా 30 మ్యాచ్‌లు గెలిచారు. ఈ ఆటలో దిద్దుబాట్లు అలాగే ఉంటాయి. చాలాసార్లు అడుగులోనో, దూరంలోనో చిన్న మార్పు చేస్తే చాలు, కొత్త ప్లే అక్కర్లేదు.

మీ లైన్ కుర్రాళ్లు బరువు తక్కువ అన్నావట. అయితే ఈ ఆట వాళ్ల కోసమే. ఎదుటి జట్టులో ఇద్దరిని మనం బ్లాక్ చేయం, కావాలనే వదిలేస్తాం. మన టాకిల్‌కు (లైన్‌లో చివరగా ఉండేవాడు) ఎదురుగానో, బయటగానో నిలబడ్డ మొదటివాడు డైవ్ కీ. వాడికి అవతల ఉన్నవాడు పిచ్ కీ. వాళ్లు ఏం చేస్తే దానికి వ్యతిరేకంగా మన క్వార్టర్‌బ్యాక్ నిర్ణయం తీసుకుంటాడు. అక్కడ మిగిలిన ఇద్దరు బ్లాకర్లు లోపలి లైన్‌బ్యాకర్ మీదకు, వెనక చివరి కాపలాగా ఉండే సేఫ్టీ మీదకు వెళ్తారు. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ అకాడమీలు ఇన్నేళ్లు దీన్ని పట్టుకుని ఉన్నది అందుకే, మూడు వందల పౌన్ల కుర్రాళ్లు వాళ్లకు దొరకరు. 2018లో ఓక్లహోమా సొంత మైదానంలో ఆర్మీ 44 నిమిషాలకు పైగా బంతిని తన దగ్గరే ఉంచుకుంది. ఆ ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడిగా హైస్మన్ ట్రోఫీ గెలిచిన ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రే చాలాసేపు పక్కన నిలబడి చూడాల్సి వచ్చింది. ఓవర్‌టైమ్‌లో 28-21తో ఆర్మీ ఓడిపోయిన మాట నిజమే కానీ, ఆ మ్యాచ్ వీడియో మీ పిల్లలకు మొత్తం చూపించు.

ఇక అసలు సంగతి మెష్. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, ఇవ్వాలో లాక్కోవాలో తేల్చుకునే ఆ క్షణం. ఈ ఒక్కటి సరిగా వస్తే మిగతాది వస్తుంది, ఇది రాకపోతే వారానికి మూడు ఫంబుల్స్ (బంతి చేజారడం) ఖాయం. స్నాప్ (ప్లే మొదలవుతూ లైన్ నుంచి వెనక్కి వచ్చే బంతి) అందగానే కళ్లు డైవ్ కీ మీదకు పోవాలి, బంతి వైపు చూడకూడదు. బంతిని పూర్తిగా వెనక్కి చాచి ఫుల్‌బ్యాక్‌ను అందుకోవాలి, ముందు కాలి దాకా అతనితో పాటు తీసుకెళ్లాలి, అక్కడికి తేల్చేయాలి. ఫుల్‌బ్యాక్ బంతిని గట్టిగా పట్టుకోకూడదు, మెత్తగా చేతులు మూయాలి. లాక్కునే బలం క్వార్టర్‌బ్యాక్‌దే. ఇచ్చేశాడని తెలిసేది ఆ చేతులు వదిలినప్పుడే.

నియమం ఒక్కటే చెప్పు: ఇచ్చెయ్, వాడు ఫుల్‌బ్యాక్‌ను పట్టుకోగలిగితే తప్ప. "వాడు లోపలికి వస్తే ఇలా, బయటికి పోతే అలా" అని నాలుగు షరతులు పెడితే కుర్రాడు ఆలోచనలో పడతాడు, ఆలోచించే టైమ్ అక్కడ లేదు. కబడ్డీలో కూతకెళ్లినవాడు ఎదుటివాడి కాళ్లు, భుజాలు చూసి కదిలినట్టే ఇది కూడా. కన్ను చూడాలి, చెయ్యి చేయాలి.

అందుకే రోజూ ప్రాక్టీస్ మెష్‌తోనే మొదలుపెట్టు. డైవ్ కీగా నువ్వే నిలబడు. ఒకసారి ఫుల్‌బ్యాక్ మీదకు దూకు, ఒకసారి నిలబడిపో, ఒకసారి సగం దూకి ఆగిపో. ఆ మూడోదే పిల్లల్ని ఇబ్బంది పెడుతుంది, మంచి జట్లు అదే చేస్తాయి. వారానికోసారి బంతి తడిపి ఇవ్వు. రెండో క్వార్టర్‌బ్యాక్‌కు కూడా దాదాపు మొదటివాడికి ఇచ్చినన్ని రెప్స్ (సాధన వంతులు) ఇవ్వు, ఈ ఆటలో మొదటివాడికి దెబ్బలు తగులుతూనే ఉంటాయి.

రీడ్ (కీని చూసి తేల్చుకోవడం) తప్పినప్పుడు నువ్వు ఎలా మాట్లాడతావన్న దాని మీదే నీ సీజన్ ఆధారపడి ఉంటుంది. సైడ్‌లైన్ దగ్గరికి రాగానే "ఎందుకిచ్చావ్?" అనకు. "ఏం చూశావ్?" అని అడుగు. వాడు చూసింది నిజమైతే, ఫలితం చెడ్డదైనా మెచ్చుకో. చూడలేదంటే, మర్నాడు చూడటం నేర్పు. అరిచావంటే పదహారేళ్ల కుర్రాడు తప్పు చేస్తానన్న టెన్షన్‌తో స్నాప్‌కు ముందే నిర్ణయం తీసేసుకుంటాడు. ఇక అది ఆప్షనే కాదు. క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకునేటప్పుడు కూడా వేగం ఒక్కటే చూడకు. ఒక తప్పు చేశాక తర్వాతి ప్లేకి మామూలుగా హడిల్‌లోకి (ప్లేకి ముందు జట్టు గుమిగూడే చోటు) వచ్చేవాణ్ని చూడు.

పిచ్ (స్లాట్‌బ్యాక్‌కు బంతి విసరడం) గురించి ఎక్కువ చెప్పను. క్వార్టర్‌బ్యాక్ పిచ్ కీ లోపలి భుజం మీదకు నేరుగా పరుగెత్తాలి, పక్కకు సాగిపోకూడదు. స్లాట్‌బ్యాక్ నాలుగైదు గజాల దూరంలో, ఒక గజం వెనకగా ఉండాలి. బంతి వదిలేటప్పుడు బొటనవేలు కిందికి తిరగాలి.

కట్ బ్లాక్ విషయం మాత్రం జాగ్రత్త. కాలేజీ పాత వీడియోల్లో స్లాట్‌బ్యాక్‌లు బయట కాళ్లకు పడి బ్లాక్ చేయడం చూస్తావు. 2022 నుంచి కాలేజీల్లోనే టాకిల్ బాక్స్ (రెండు వైపుల టాకిల్స్ మధ్య ప్రాంతం) బయట నడుము కింద బ్లాక్ చేయడం ఆపేశారు. మన హైస్కూల్ నియమం ఇంకా గట్టిది: స్నాప్ టైమ్‌కు ఫ్రీ బ్లాకింగ్ జోన్‌లో (బంతి చుట్టూ ఉండే చిన్న ప్రాంతం) లైన్ మీద ఉన్నవాళ్లే, అదీ వెంటనే, చేయాలి. స్లాట్‌బ్యాక్‌లకు మొదటి రోజు నుంచి నిలబడి, చేతులతో, ఛాతీ మీద బ్లాక్ చేయడమే నేర్పు. మోకాళ్ల గాయాల నుంచి ఎదుటి పిల్లల్ని కాపాడటం కూడా మన పనే.

వైడ్ రిసీవర్ల తల్లిదండ్రులు నీ దగ్గరికి వస్తారు, మావాడికి బంతే రాదా అని. ఓపిగ్గా మాట్లాడు. కోచ్ పాల్ జాన్సన్ దగ్గర జార్జియా టెక్‌లో ఇదే ఆట ఆడిన డెమేరియస్ థామస్ 2010 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్‌లోనే డెన్వర్‌కు వెళ్లాడని చెప్పు. సేఫ్టీలు పరుగును ఆపడానికి ముందుకొచ్చేసినప్పుడు వచ్చే పాస్‌లు తక్కువే అయినా చాలా పొడవైనవి. కానీ మిగతా ప్లేలన్నిటిలో వాడు బ్లాక్ చేయాల్సిందేనని కూడా దాచకుండా చెప్పు.

నాలుగో డౌన్‌లో, అంటే చివరి ప్రయత్నంలో, రెండు గజాలు మిగిలితే పంట్ చేయకు (బంతిని తన్ని ఎదుటివాళ్లకు వదిలేయకు). ఈ విషయం కూడా హెడ్ కోచ్‌తో ఇప్పుడే మాట్లాడుకో, మ్యాచ్ మధ్యలో కాదు.

మొదటి నెల ఇన్‌సైడ్ వీర్ (ఇప్పటిదాకా చెప్పిన ట్రిపుల్ ఆప్షన్ ప్లే) ఒక్కటే నేర్పు, రెండు వైపులా. అది కుదిరాక మిడ్‌లైన్ అనే ప్లే, తర్వాత రాకెట్ టాస్ అనే ప్లే. మెష్ డ్రిల్ వీడియో తీసి పంపు. క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి ఒకటి, డైవ్ కీ వెనక నుంచి కళ్లు కనిపించేలా ఒకటి. ఆదివారం చూసి ఫోన్ చేస్తాను.

నీ మామయ్య