ఉగ్గుగిన్నె దించకు

రాజమండ్రి,
శ్రావణ శుక్రవారం

అమ్మడూ,

ఆశీస్సులు. కాలువ గట్టు మీద అరటిబోదెల సందులో పిల్లికూన దొరికిందనీ, దాన్ని ఇంట్లో పెంచుతానని నువ్వు పట్టుబట్టావనీ మీ నాన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. "కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా పిల్లేమిటే" అని నానమ్మ అందుకుందట. నన్ను తగవు తీర్చమంటాడు మీ నాన్న. నాకేమో సగం మురిపెం, సగం గుండెదడ. మురిపెం సంగతి వచ్చినప్పుడు చెబుతాను. దడ సంగతి రాస్తున్నాను, ఫోన్లో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావు.

ముందు ఒక్కటి చూడు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఊరికే అనలేదు. ఒక్కొక్కదాన్నే మెడ పట్టుకుని మోస్తుంది కాబట్టి, ఒకదాన్ని దించి వచ్చేలోగా ఇంకోటి మన కంట పడుతుంది, మనం దిక్కులేనిదనుకుని ఎత్తుకొచ్చేస్తాం. పొట్ట నిండుగా, ఒళ్ళు శుభ్రంగా ఉండి ముడుచుకుని పడుకున్న కూనకు తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ఒళ్ళంతా బురదై, పొట్ట వెన్నుకంటి, ఆగకుండా అరుస్తుంటే అది వేరు. పొడి చోటైతే చుట్టూ పలచగా బియ్యప్పిండి చల్లి మూడు నాలుగు గంటలు దూరంగా ఉంటే తల్లి అడుగులు పడ్డాయో లేదో తెలిసిపోతుంది. ఈ ముసురులో పిండి నిలవదులే. పైగా కాలువ నిండుగా పారుతోంది, తెచ్చి మంచిపనే చేశావు. దాని తోడబుట్టినవి ఆ బోదెల్లో ఉన్నాయేమో సాయంత్రం ఇంకోసారి వెళ్ళి చూడు. ఒక్కదానివే వెళ్ళకు, తమ్ముణ్ణి తీసుకెళ్ళు. ఈ రోజుల్లో గట్టు జారుతుంది, గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి.

మీ నాన్న పంపిన ఫోటో చూశాను. చెవులు నిలబడ్డాయి, కళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి, పక్కన కోరలు తెల్లగా మొలకెత్తాయి. అంటే నాలుగైదు వారాలది. ఆ వయసు కూన నాలుగు వందల నుంచి ఐదు వందల గ్రాములు ఉండాలి. వంటింటి తూకం మీద గిన్నె పెట్టి, దాని బరువు తీసేసి, కూనను అందులో కూర్చోబెట్టి తూచు. రోజూ ఒకే వేళకు తూచి క్యాలెండరు మీద రాయి. రోజుకు పది గ్రాములకు తగ్గకుండా పెరుగుతుంటే సరే. రెండు రోజులు పెరగకపోతే, లేదా ఒక్కరోజు తగ్గినా, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళు.

ఇక నా గుండెదడ. ఆ ఇంట్లో అటక మీదా గాదె కిందా ఎన్ని కూనలు పుట్టాయో లెక్కలేదు. తల్లి వదిలేసిన కూన ఒక్కటీ నిలవలేదు. తల్లిలేని కూన బతకదు, దాని రాత అంతే అని పెద్దవాళ్ళు సరిపెట్టుకునేవాళ్ళు. రాతా కాదు, గీతా కాదు. దాన్ని చంపింది మన ఉగ్గుగిన్నె.

ఎలాగంటావా? వానకు తడిసిన కూనను తెస్తారు. "అయ్యో, ఆకలితో అల్లాడుతోంది" అంటారు. చంటిపిల్లను పడుకోబెట్టినట్టు ఒళ్ళో వెల్లకిలా పడుకోబెడతారు. గోరువెచ్చని ఆవుపాలు ఉగ్గుగిన్నెలో పోసి, ఆ మూతి దాని పెదవుల మధ్య పెట్టి వంచుతారు. అది గుటకలు వేస్తుంటే ఇల్లంతా సంబరం. తెల్లారేసరికి కూన కొయ్యబారి ఉంటుంది. ప్రేమ తక్కువై కాదే తల్లీ, తొందర ఎక్కువై. ఆ ఒక్క పనిలో నాలుగు తప్పులున్నాయి.

మొదటిది చలి. పిల్లి ఒళ్ళు మన ఒంటికన్నా వేడి, 38 నుంచి 39 డిగ్రీలుంటుంది. కూన మన చేతికి చల్లగా తగిలిందంటే లోపల చాలా పడిపోయినట్టు. అప్పుడు దాని పేగు కదలదు, మింగే శక్తీ సరిగా ఉండదు. పోసిన పాలు పొట్టలోనే నిలిచి ఉబ్బరిస్తాయి. అందుకే ముందు వేడి, తరవాతే తిండి. ఎంత అరిచినా సరే, వేడెక్కేదాకా చుక్క పొయ్యకు. వేలు దాని నోట్లో పెట్టి చూడు, లోపల చల్లగా ఉంటే ఇంకా వేళ కాలేదు. పొడిగుడ్డతో ఒత్తి తుడిచి, పాత నేతచీర ముక్కలో చుట్టి నీ ఒంటికి ఆనించుకో. సీసాలో వేడినీళ్ళు పోసి, దానికి తువ్వాలు రెండు మడతలు చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టు. రెండో పక్క ఖాళీగా ఉండాలి, మరీ వేడైతే కూన జరగడానికి. సలసలా కాగే నీళ్ళు పొయ్యకు, కాలుతుంది. కుంపటి పెట్టకు, పొగ. కోడిపిల్లల బల్బు వేసి మరిచిపోకు. నిదానంగా, ఒక గంట పట్టినా పరవాలేదు. గబగబా వేడి చేసినా ప్రమాదమే. మట్టిగా ఉంది కదా అని స్నానం చేయించబోతావేమో, ఇవాళ వద్దు, ఈ వారం వద్దు.

రెండోది వెల్లకిలా పడుకోబెట్టడం. మనిషి బిడ్డ అలా తాగుతుంది, పిల్లి బిడ్డ తాగదు. తల్లి దగ్గర అది బోర్లా, తల కాస్త ఎత్తి తాగుతుంది. వెల్లకిలా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ముక్కులోంచి పాల బుడగ వచ్చిందంటే దిగినట్టే. మర్నాటికి డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంది, ఆ పైన కష్టం.

మూడోది ధార. ఉగ్గుగిన్నె వంచితే వంచినంత పడుతుంది, ఆపడం కూన చేతిలో ఉండదు. తనంతట తను నాకలేకపోతే సూదిలేని రెండు మిల్లీలీటర్ల సిరంజితో, పెదవి పక్కనుంచి, చుక్క వేసి, మింగాక ఇంకో చుక్క. నీ కూన వయసుకు పళ్ళెంలో పోస్తే నాకుతుంది. అంచు లేని పళ్ళెం పెట్టు, లేకపోతే గిన్నెలో తల మునుగుతుంది.

నాలుగోది ఆ పాలే. ఆవుపాలలో పిల్లికూనకు కావలసినంత మాంసకృత్తులూ లేవు, కొవ్వూ లేదు. పాలచక్కెర మాత్రం అరిగేదానికన్నా ఎక్కువ. అరక్క విరేచనాలవుతాయి, నాలుగు వందల గ్రాముల ఒంట్లో నీరు ఒక్క రాత్రిలో హరించుకుపోతుంది. మెడ మీద తోలు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా గుడారంలా నిలబడిందంటే అదే. గేదెపాలు చిక్కన కదా అంటావు. వెన్న ఎక్కువే, ఆ చక్కెర దాన్లోనూ ఉంది. నీళ్ళు కలిపి పలచన చేస్తే ఉన్న బలమూ పోతుంది.

పిల్లికూనల పాలపొడి డబ్బా రేపు రాజోలు బస్సులో పంపుతున్నాను. డబ్బా మీద రాసిన కొలతకు కలిపి, మణికట్టు మీద చుక్క వేసుకుని వేడి చూసి పొయ్యి. ఒక్కో పూటకు వంద గ్రాముల బరువుకు నాలుగు మిల్లీలీటర్లు దాటకు. రోజుకు ఐదారుసార్లు, అందులో ఒకటి అర్ధరాత్రి. డబ్బా చేరేలోగా కోడిమాంసం ఉడికించి, ఎముక తీసి, రోట్లో మెత్తగా నూరి, ఆ ఉడికిన నీళ్ళతోనే జావలా చేసి గోరువెచ్చగా వేలి కొసన నాకించు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏవీ తగలకూడదు. ఉల్లీ వెల్లుల్లీ పిల్లి రక్తకణాలను చిదిపేస్తాయి.

తరవాత తరవాత మనవాళ్ళంతా పెరుగన్నం పెట్టమంటారు. పెట్టకు. పిల్లి కంటికీ గుండెకూ కావలసిన టారిన్ అనే పోషకం మాంసంలోనే ఉంటుంది, అన్నంలో ఉండదు. పిల్లికూనల ప్యాకెట్ తిండి ముఖ్యం, ఉడికించిన కోడీ చేపా పైన ముద్ద. చేప పచ్చిది వద్దు, ముల్లు ఒక్కటీ ఉండకూడదు. ఎండు మెత్తళ్ళంటే ప్రాణం పెడుతుంది, ఉప్పు దాని ప్రాణం తీస్తుంది.

గది సంగతి: మొదటి వారం చిన్న గది ఒక్కటే చాలు. లంకంత ఇల్లు ఒక్కసారి చూపిస్తే గాదె వెనక దూరి రెండు రోజులు బయటికి రాదు. దొడ్డికి వెడల్పాటి ట్రేలో రెండంగుళాల మందాన గోదావరి ఇసుక కడిగి ఎండబెట్టి పొయ్యి. ముసురులో ఇసుక ఆరకపోతే మిల్లు ఊక. తిన్న వెంటనే అందులో దించితే మూడో రోజుకు తనే వెళుతుంది. బొచ్చులో గెంతుతూ రక్తం తాగే పిల్లి ఈగల మందు చుక్కలు ఇప్పుడే వద్దు, మరీ పసిది. నానమ్మ పేన్ల దువ్వెనతో దువ్వి, సబ్బునీళ్ళ గిన్నెలో దులుపు. కుక్కలకు వేసే చుక్కలైతే ఎప్పటికీ వద్దు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటే ఈగలు రక్తం తాగేసినట్టు, అది ఆసుపత్రి పని. పొట్ట కుండలా ఉండి ఒళ్ళు సన్నగా ఉంటే నులిపురుగులు. ఆ మందు బరువును బట్టి ఇస్తారు, నీ అంతట నువ్వు కొని పొయ్యకు.

ఇంట్లో మన మందులేవీ దాని నోట పడకూడదు, ముఖ్యంగా జ్వరం బిళ్ళ. ఒక్క పారాసిటమాల్ బిళ్ళ నిండుగా పెరిగిన పిల్లిని చంపుతుంది. బీరువాలో కలరా ఉండలు తీసెయ్యి, ఆ గదిలో ఫినాయిల్ వెయ్యకు, అది పాదాలు నాక్కుంటుంది. దేవుడి మూల పూలదండల దారం రోజూ ఏరి పారెయ్యి. ఆడుకుంటూ మింగిందంటే దారం పేగుల్ని కుచ్చిళ్ళలా లాగేస్తుంది. వెనక నుంచి దారం కొస కనిపిస్తే లాగకు, అలాగే తీసుకెళ్ళు.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఎలుకల మందు. సార్వా నాట్లయ్యాక మన గట్ల మీద నూకల్లో నూనె, మందు కలిపి కన్నాల దగ్గర పొట్లాలు పెడతారు. కూన నూకలు తినదు, నిజమే. మందు తిని తూలుతున్న ఎలుకను మాత్రం పట్టేస్తుంది, సులువుగా దొరుకుతుంది కదా. బ్రొమాడియోలోన్ అయితే ఆ రోజు ఏమీ తెలియదు. మూడు నాలుగు రోజులకు చిగుళ్ళలోంచి రక్తం, నీరసం. దానికి విరుగుడు ఉంది, కె1 విటమిన్, ఆలస్యం చెయ్యకపోతే. నల్లటి జింకు ఫాస్ఫైడ్‌కైతే విరుగుడే లేదు. మీ నాన్న ఏ మందు కలుపుతున్నాడో అడిగి ఆ ప్యాకెట్ దాచు, డాక్టరు మొదట అడిగేది అదే. ఆర్నెల్లు నిండేదాకా గడప దాటనివ్వకు. దాటాక కూడా నాట్ల రోజుల్లో కట్టడి చెయ్యి. మీ నాన్నకు ఈ ముక్క నువ్వే చదివి వినిపించు, నేను చెబితే నవ్వుతాడు.

వదిన సంగతి. నానమ్మ భయంలో నిజముంది, ఆవిడ అనుకున్నచోట కాదు. వెంట్రుక కడుపులోకి పోయి ఏదో అవుతుందన్నది ఉత్తమాట. పిల్లి దొడ్డిలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు, అది కడుపులో బిడ్డకు చేటు. కానీ అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ ఎత్తి పారేస్తే ఆ అవకాశం చాలా తగ్గిపోతుంది. ఆ పని నీది, వదిన ట్రే ముట్టుకోకూడదు. కూనకు పచ్చిమాంసం పెట్టకు. వదిన కూడా సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర తినకూడదు, పిల్లి ఉన్నా లేకపోయినా. చేతులు సబ్బుతో కడుక్కుంటే ఒకే ఇంట్లో హాయిగా ఉండొచ్చు. వదినను డాక్టరుతో ఒకమాట చెప్పమను.

నానమ్మకు అసలు భయం పిచ్చికుక్క కాటు రోజులది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసే టీకా ఆవిడ తరానిది. 2005 నాటికి మన దేశంలో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు చేతికే, 0, 3, 7, 28 రోజుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. కూన గోరు గీరినా, పన్ను దిగినా కారుతున్న నీళ్ళ కింద పదిహేను నిమిషాలు సబ్బుతో కడుగు, గడియారం చూసుకుని. పసుపు, సున్నం, కారం ఏవీ రాయకు. అదేరోజు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళు. చిన్న కూనే కదా అని ఊరుకోకు. నిన్ను ఇప్పటికే గీరి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అక్కడికి వెళ్ళు. కూనకు ఎనిమిదో వారంలో మూడు జబ్బుల టీకా, తరవాత డాక్టరు చెప్పిన వారాలకు మళ్ళీ, మూడు నెలలకు రేబీస్. ఆడదైతే నాలుగో నెలకే ఎదకు రావచ్చు, ఆపరేషన్ మాట అప్పటికే మాట్లాడి ఉంచు. లేకపోతే అటక మళ్ళీ నిండుతుంది.

రాత్రిపూట నానమ్మ లేచినప్పుడు కాళ్ళకు అడ్డం పడుతుంది, అది చూసుకో. వసారాలో చిన్న దీపం వెలగనీ. పిల్లి మెడలో గంట ఎవరు కడతారంటే మన ఇంట్లో నువ్వే కట్టాలి, కానీ ఆరు నెలలయ్యాక, గట్టిగా లాగితే ఊడిపోయే పట్టీకి.

పాలడబ్బాతో పాటు రెండు సిరంజీలు, బరువు రాసుకోవడానికి నోటుపుస్తకం పెట్టాను. ఆదివారం బరువు ఎంతో ఫోన్ చెయ్యి. పేరు మాత్రం నానమ్మను పెట్టమను, ఆ తరవాత ఆవిడే ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఉగ్గుగిన్నె అటక మీదే ఉండనీ. కార్తీకం దాటితే వదినకు కావాలి.

మీ పెద్దత్త