ఇంటర్వ్యూలో నెస్టెడ్ డేటా దగ్గర తడబడితే కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి తిరుపతిలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. డేటా ఇంజనీరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళితే, స్పార్క్ అనే పెద్ద డేటా సాఫ్ట్‌వేర్‌లో నెస్టెడ్ డేటా మీద అతను రాసిన కోడ్ అసలు మొత్తానికి ఎన్నో రెట్లు ఎక్కువ చూపించిందట. హైదరాబాద్‌లో కోర్సులో చేర్పించమంటున్నాడు. చేర్చమంటారా? - ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే చేర్చకండి. మీ అబ్బాయికి స్పార్క్ తెలుసు. డేటాలో ఒక్కో వరుస దేనికి లెక్కో చూసుకోలేదు. అది ఇంట్లో కూర్చుని సరిదిద్దుకోగలిగిన లోపమే.

మీది చిత్తూరు కనుక మామిడి మండీ చీటీనే తీసుకుందాం. చీటీ మీద రైతు పేరు, అతనికిచ్చిన అడ్వాన్సు 10,000 రూపాయలు, కింద మూడు తూకాలు: తోతాపురి రెండు, నీలం ఒకటి. డేటాలో ఈ చీటీ ఒకే వరుస; మూడు తూకాలూ ఆ వరుసలోనే ఒక అర్రేగా, అంటే జాబితాగా, ఒదిగి ఉంటాయి. ఇలా ఒదిగినదే నెస్టెడ్ డేటా. దాని మీద ఎక్స్‌ప్లోడ్ (అర్రేలోని ఒక్కో అంశాన్ని ఒక్కో వరుసగా విడదీసే ఫంక్షన్) వాడగానే చీటీ మూడు వరుసలవుతుంది, ప్రతి వరుసలోనూ ఆ పదివేలు మళ్లీ వచ్చి కూర్చుంటాయి. అప్పుడు అడ్వాన్సు కూడితే 30,000 వస్తుంది. మీ అబ్బాయి కోడ్‌లో జరిగింది బహుశా ఇదే.

నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టే తప్పు మరొకటి ఉంది. అడ్వాన్సు తీసుకుని ఇంకా కాయ తోలని రైతు చీటీలో అర్రే ఖాళీగా ఉంటుంది. ఎక్స్‌ప్లోడ్ ఆ వరుసనే వదిలేస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, ఆ రైతు లెక్కలోంచే మాయమవుతాడు. ఎక్స్‌ప్లోడ్_అవుటర్ వాడితే తూకం చోట నల్ (విలువ లేదనే గుర్తు) పెట్టి వరుసను నిలుపుతుంది.

రకాల వారీగా మండీ మొత్తం తూకం కావాలంటే విడదీయడం సబబే. ఒక్కో చీటీ తూకాన్ని మాత్రమే కూడాలంటే విడదీసి మళ్లీ చీటీల వారీగా గ్రూప్ చేయనక్కరలేదు, ఎందుకంటే అలా గ్రూప్ చేసినప్పుడు సాధారణంగా వరుసలు నెట్‌వర్క్ మీదుగా ఒక మెషీన్ నుంచి మరొకదానికి వెళ్లాల్సి వస్తుంది; పెద్ద డేటాలో ఈ షఫుల్‌కే సమయం ఎక్కువ పోతుంది. స్పార్క్ ఎస్క్యూఎల్‌లో (డేటాను ప్రశ్నించే భాష ఎస్క్యూఎల్‌ను స్పార్క్‌లో వాడే భాగం) 2018లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి అంశాలను మార్చే ట్రాన్స్‌ఫామ్, ఏరే ఫిల్టర్, కూడే అగ్రిగేట్ అనే ఫంక్షన్లు అర్రేను వరుసలోనే ఉంచి పని ముగిస్తాయి. ఈ తేడాను కారణంతో సహా చెప్పగల అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవారు గుర్తుపెట్టుకుంటారు.

జావా ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో పైస్పార్క్ (పైథాన్ భాషలో స్పార్క్ వాడే మార్గం) ఉచితంగా నడుస్తుంది. ఇరవై చీటీలను జేసన్ ఫైలుగా (నెస్టెడ్ డేటాను మామూలు అక్షరాల్లో రాసే రూపం) తనే రాసుకోమనండి. వాటిలో రెండింటికి తూకాలు ఉండకూడదు. ప్రతి అడుగుకు ముందు ఎన్ని వరుసలు రావాలో కాగితం మీద రాసి, కోడ్ నడిపాక సరిచూసుకోమనండి. నెల రోజులు ఇలా చేసి మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. ఒకవేళ వరుసలను గుంపులు చేసే గ్రూప్ బై దగ్గరే తడబడుతుంటే, ముందు ఎస్క్యూఎల్ గట్టిగా నేర్చుకోనివ్వండి. కోర్సు ఫీజు సంగతి ఆ తర్వాత చూద్దాం.