ఆ లింకును ఇంకెవరు దాచుకున్నారు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి సారం ఒకటే. ఇంటర్నెట్‌లో ఇంత ఉన్నా నాకు పనికొచ్చే సైట్లు కనబడవు, నాలాంటి అభిరుచి ఉన్నవాళ్లు తగలరు అని. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పెద్దదైంది. మిగతా జవాబులకు దారి అక్కణ్ణుంచే పడుతుంది కాబట్టి దాన్ని దాటేయకండి.

ప్రశ్న: పాత వాల్వ్ రేడియోలు, అంటే లోపల గాజు గొట్టాలుండే సెట్లు, బాగుచేసుకోవడం నాకు సరదా. గూగుల్‌లో వెతికితే అమ్మకాల సైట్లు, ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టుండే వ్యాసాలే వస్తున్నాయి. నిజంగా చేత్తో పని చేసేవాళ్లు రాసుకున్న పేజీలు ఎక్కడుంటాయి? అలాంటి మనుషులను పట్టుకోవడం ఎలా?

జవాబు: ముందు మీరు వెతికే మాట మార్చాలి. ‘వాల్వ్ రేడియో రిపేర్’ అని టైప్ చేస్తే ఆ మాట కోసమే తయారుచేసిన పేజీలు వస్తాయి. పని చేసేవాళ్లు తమ పేజీల్లో అలా రాసుకోరు. ‘ఈసీఎల్82 ప్లేటు ఎర్రబడుతోంది, కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోందేమో’ అని రాసుకుంటారు. ఇందులో ఈసీఎల్82 అన్నది వాల్వ్ నంబరు, కెపాసిటర్ అన్నది సర్క్యూట్‌లో ఒక భాగం. మీ సెట్టులో ఏ వాల్వ్ ఉందో దాని నంబరు, కనబడుతున్న లోపం, ఈ రెండూ కలిపి ఇంగ్లిష్‌లో వెతకండి. ఖచ్చితంగా అదే మాట కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఆ తర్వాత గూగుల్‌లో టూల్స్ నొక్కి, ‘ఎనీ టైమ్’ దగ్గర ‘కస్టమ్ రేంజ్’ ఎంచుకుని 2012కు ముందు తేదీలు ఇచ్చి చూడండి. అభిరుచితో నడిపిన సొంత సైట్లు చాలావరకు ఆ కాలానివే. మార్జినాలియా అనే సెర్చి ఇంజిన్ కూడా ఒకసారి వాడి చూడండి. స్వీడన్‌లోని ఒక ప్రోగ్రామర్ 2021లో మొదలుపెట్టిందది. ప్రకటనలు, హంగులు తక్కువగా ఉండి రాత ఎక్కువున్న పేజీలను అది ముందుకు తెస్తుంది.

ఇలా వెతికితే ఒకటో రెండో మంచి పేజీలు దొరుకుతాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కావలసింది దొరికిందని ట్యాబ్ మూసేస్తారు. అసలు వెతుకులాట మొదలుకావలసింది ఆ పేజీ దగ్గరే. మీకు నచ్చిన ఆ పేజీ ఇంకెవరికి నచ్చింది? వాళ్లు ఇంకేం దాచుకున్నారు?

ఈ కిటుకు నాకు నేర్పింది డెలీషియస్. 2003లో జాషువా షాక్టర్ తయారుచేసిన సైటది. మన బుక్‌మార్కులను, అంటే మళ్లీ చూద్దామనుకున్న లింకులను, బ్రౌజర్‌లో కాకుండా అందులో దాచుకునేవాళ్లం, వాటికి మనకు తోచిన ట్యాగులు, అంటే గుర్తు మాటలు, పెట్టుకునేవాళ్లం. ప్రతి లింకు పక్కనా ఒక అంకె కనిపించేది, దాన్ని ఎంతమంది దాచుకున్నారో చెప్పేది. నాకు స్లయిడ్ రూల్స్ అంటే ఇష్టం. కాలిక్యులేటర్లు రాకముందు ఇంజినీర్లు గుణకారాలు, భాగహారాలు చేసుకున్న జారుడు స్కేళ్లవి. అరిగిపోయిన గీతల్లో మళ్లీ నలుపు ఎలా నింపాలో చెప్పే ఒక పేజీని దాచుకుంటే పక్కన 6 అని పడింది. ఆ అంకె మీద నొక్కితే నాకంటే ముందు దాచుకున్న ఆరుగురి ఖాతాలు వచ్చాయి. వాళ్లలో ఒకరు ఆ లింకు కింద ‘ముందు సబ్బునీళ్లు. స్పిరిట్ వద్దు’ అని తమకోసం ఒక ముక్క రాసిపెట్టుకున్నారు. ఆ ఒక్క వాక్యంతో నాకు అర్థమైపోయింది, ఈ మనిషి ఈ పని చేశాడని. అతను దాచుకున్న మిగతా లింకులు తెరిచాను. ఓడల్లో వాడే నావిగేషన్ పట్టికలు, ఇత్తడి పరికరాల మీద అంకెలు చెక్కే విధానం, చేత్తో గీసిన మ్యాపుల స్కాన్లు. ఏ సెర్చిలోనూ నేను అడగాలని కూడా తెలియని విషయాలవి. తెల్లవారేదాకా చదువుతూనే ఉన్నాను.

ఇక్కడ గమనించవలసింది ఆ 6 అనే అంకెను. లక్షమంది దాచుకున్న లింకు వల్ల మీకు ఎవరూ పరిచయం కారు, ఎందుకంటే ఆ లక్షమందికీ మీకూ ఉన్న పోలిక చాలా పల్చనిది. ఆరుగురో ఎనిమిదిమందో దాచుకున్న లింకైతే వాళ్లలో సగంమంది అభిరుచి మీ అభిరుచికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి మీ దగ్గరున్న లింకుల్లో అందరికీ తెలిసినవి పక్కనపెట్టి, అరుదైనవాటితో మొదలుపెట్టండి.

వాళ్లు పెట్టుకున్న ట్యాగులు కూడా చూడండి. వాటిని ఎవరూ పై నుంచి నిర్ణయించలేదు, ఆ పని తెలిసినవాళ్లు తమకు అలవాటైన మాటలు పెట్టుకున్నారు. ఇలా జనం చేసుకున్న వర్గీకరణకు 2004లో థామస్ వాండర్ వాల్ ‘ఫోక్సానమీ’ అని పేరు పెట్టారు. రేడియోల పేజీకి ఎవరైనా ‘రీస్టఫింగ్’ అని ట్యాగ్ పెట్టారనుకోండి. పాత కెపాసిటర్ గొట్టం ఖాళీచేసి, లోపల కొత్తది ఇమిడ్చి, పైకి పాతదానిలాగే కనిపించేలా చేయడమన్నమాట. ఆ మాట తెలిసిందంటే మీకు కొత్త తలుపు తెరుచుకున్నట్టే. వెతకడానికి సరైన మాట దొరికింది.

డెలీషియస్‌ను 2005లో యాహూ కొన్నది. తర్వాత అది చాలా చేతులు మారింది. 2017లో పిన్‌బోర్డ్ అనే మరో బుక్‌మార్కుల సైటు యజమాని దాన్ని కొని, కొత్త లింకులు చేర్చడం ఆపేశారు. అయినా ఈ పద్ధతి పోలేదు. పిన్‌బోర్డ్‌లో ఇప్పటికీ ఒక లింకును బహిరంగంగా దాచుకున్నవాళ్లెవరో చూడవచ్చు. ఇది డబ్బు కట్టి వాడే సైటు. ఆరీనా అనే సేకరణల సైటులో ఒక బొమ్మో లింకో తెరిస్తే, దాన్ని ఎవరెవరు తమ ఏ సేకరణల్లో చేర్చుకున్నారో అక్కడే కనిపిస్తుంది. నాకు ఇప్పుడున్నవాటిలో బాగా నచ్చినది ఇదే. సభ్యులు లింకులు పంచుకుని చర్చించుకునే హ్యాకర్ న్యూస్‌లో లింకు పక్కనున్న సైటు పేరు మీద నొక్కితే ఆ సైటు నుంచి ఇంతవరకు ఎవరెవరు ఏం పంచుకున్నారో వరసగా వస్తుంది. పుస్తకాలకు లైబ్రరీథింగ్ ఉంది, 2005 నుంచీ నడుస్తోంది. మీ పుస్తకాల జాబితా ఎక్కిస్తే, మీ పుస్తకాలు ఎక్కువగా ఎవరి దగ్గరున్నాయో చూపిస్తుంది.

మీ రేడియోల విషయానికొస్తే రేడియోమ్యూజియం అనే సైటు తప్పకుండా చూడండి. పాత సెట్ల వివరాలు, సర్క్యూట్ బొమ్మలు సభ్యులే చేర్చుకుంటూ పోగుచేసినది. మీ మోడల్ పేజీకి సమాచారం, ఫొటోలు ఇచ్చినవాళ్లే మీరు వెతుకుతున్న మనుషులు. ఒక్క మాట. సెట్టు ఆపేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు. ఎవరి పేజీ చూసి పని చేసినా, లోపల చెయ్యి పెట్టేముందు మీటరుతో చూసుకుని, రెసిస్టరు ద్వారా దాన్ని దింపేశాకే ముట్టుకోండి.

ప్రశ్న: పదిహేనేళ్ల క్రితం స్టంబుల్‌అపాన్ అని ఒకటుండేది. బటన్ నొక్కితే రోజుకో వింత సైటు చూపించేది. అది ఏమైంది? అలాంటిది ఇప్పుడేమైనా ఉందా?

జవాబు: కెనడాలో 2001లో పుట్టింది. 2007లో ఈబే 7.5 కోట్ల డాలర్లకు కొన్నది, 2009లో వ్యవస్థాపకులు మళ్లీ వెనక్కి కొనుక్కున్నారు, 2018 జూన్ 30న మూతపడింది. వాళ్లలో ఒకరైన గారెట్ క్యాంప్ మధ్యలో ఊబర్ స్థాపనలోనూ పాలుపంచుకున్నారు.

అది గుడ్డిగా చూపించేది కాదు. మీరు ఎంచుకున్న విషయాలు, మీరు పెట్టిన మెప్పు గుర్తులు, మీలాగే గుర్తులు పెట్టినవాళ్లకు నచ్చినవి, ఇవన్నీ కలిపి చూపించేది. అచ్చంగా దానికి సాటివచ్చేది నాకు ఇప్పటికీ కనబడలేదు. దగ్గరగా వచ్చేవి రెండున్నాయి. సెర్చి ఇంజిన్ నడిపే కాగి కంపెనీ 2023లో పెట్టిన ‘స్మాల్ వెబ్’ పేజీ ఒకటి. మామూలు మనుషులు తమ సొంత సైట్లలో కొత్తగా రాసినవాటిని ఒక్కొక్కటిగా చూపిస్తుంది, ఖాతా అక్కర్లేదు. రెండోది వైబీ. పాతకాలపు తేలికైన పేజీలను వెతికిపెట్టే ఈ సైటులో ‘సర్‌ప్రైజ్ మీ’ నొక్కి చూడండి. ఈ రెండూ మీ ఇష్టాలను నేర్చుకోవు కాబట్టి పదింట్లో ఎనిమిది మీకు పట్టవు. మిగిలిన రెండిటి కోసం పడే శ్రమ దండగ కాదని నా అనుభవం.

ప్రశ్న: పాకెట్‌లో ఏళ్ల తరబడి దాచుకున్న వ్యాసాలన్నీ పోయాయి. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి?

జవాబు: మీ బాధ నాకు తెలుసు. తర్వాత చదువుదామనుకున్న వ్యాసాలు దాచుకునే సర్వీసది. 2007లో ‘రీడ్ ఇట్ లేటర్’గా మొదలైన పాకెట్‌ను 2017లో మొజిల్లా కొని, 2025 జులై 8న ఆపేసింది. డేటా దింపుకోవడానికి కొన్ని నెలల గడువిచ్చింది గానీ ఆ మెయిల్ చూడనివాళ్లు చాలామందే ఉంటారు. మీ మెయిల్‌లో పాకెట్ పేరుతో ఒకసారి వెతకండి. స్నేహితులకు పంపుకున్న లింకులు కొన్నయినా అక్కడ దొరకొచ్చు.

ఇక ముందు సంగతి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లు, రెయిన్‌డ్రాప్ లాంటి బుక్‌మార్కుల సర్వీసులు మీ లింకులన్నిటినీ ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఇస్తాయి. నెట్‌స్కేప్ రోజుల నాటి పద్ధతది. ఎక్కడ దించినదైనా దాదాపు ఎక్కడైనా ఎక్కించుకోవచ్చు. మూడు నెలలకోసారి ఆ ఫైలు దించి మీ కంప్యూటర్‌లోనూ ఒక పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టుకోండి. లింకు మిగిలినా దాని వెనక పేజీ పోవచ్చు కాబట్టి, బాగా ముఖ్యమైన పేజీలను, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషిన్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ ద్వారా భద్రపరచండి. అలాచేస్తే ఆ ప్రతి మీకే కాదు, మీ తర్వాత వెతికేవాళ్లకూ ఉంటుంది.

దాచుకునేటప్పుడు ఎందుకు దాచుకున్నారో ఒక్క వాక్యం రాసిపెట్టుకోవడం మరవకండి. ఆరు నెలల తర్వాత ఆ శీర్షిక చూస్తే మీకే గుర్తురాదు.

ప్రశ్న: ఇష్టపడి ఫాలో అయినవాళ్ల పోస్టులు కనబడవు, ఎవరివో వీడియోలు వస్తుంటాయి. నేను ఎంచుకున్నవే కనబడే దారి లేదా?

జవాబు: ఉంది. అది 1999 నుంచీ ఉంది, పేరు ఆర్‌ఎస్‌ఎస్. ఒక సైటులో కొత్తగా వచ్చినవాటి జాబితాను ‘ఫీడ్’గా ఇచ్చే పద్ధతది, ఆ ఫీడ్లను ఒకచోట చదివిపెట్టేది రీడర్. అలాంటి గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడ్డాక చాలామంది దీన్నీ పోయిందనుకున్నారు. పోలేదు. ఫీడ్లీలోనో ఐనోరీడర్‌లోనో ఖాతా తెరిచి, మీకు నచ్చిన సైటు చిరునామా ఇస్తే చాలు, ఫీడ్ ఉంటే అదే కనిపెడుతుంది. మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లోని ప్రొఫైల్ చిరునామా చివర ‘.rss’ అని చేర్చి ఇస్తే అది కూడా అందులోకి వచ్చేస్తుంది. రాసిన వరసలో వస్తాయి. మధ్యలో ఎవరూ దూరరు.

కొత్తవాళ్లు కూడా తగలాలంటే మాస్టడాన్‌లో హ్యాష్‌ట్యాగ్‌నే ఫాలో కావచ్చు. మనుషులెవరూ తెలియకపోయినా మీ విషయం మీద రాసేవాళ్లు మీ పేజీలోకి వస్తారు, వాళ్లలో నాలుగైదుసార్లు ఆకట్టుకున్నవాళ్లను విడిగా ఫాలో కండి. బ్లూస్కై అనే మరో సోషల్ నెట్‌వర్క్‌లో స్టార్టర్ ప్యాక్‌లు ఉంటాయి, ఒక విషయానికి సంబంధించిన ఖాతాలను ఎవరో ఏర్చి కట్టిన మూటలు. మొత్తాన్ని ఒక్క నొక్కుతో ఫాలో అయిపోకండి. మూట కట్టిన మనిషి ఎవరో, ఏం రాస్తారో చూసి ఒక్కొక్కరినే ఎంచుకోండి.

ప్రశ్న: మీరు చెప్పినట్టే నా అభిరుచి ఉన్న మనిషి ఒకరు కనబడ్డారు. పలకరించాలంటే బిడియంగా ఉంది. ఏమని రాయాలి?

జవాబు: వాళ్లు రాసినదాన్ని మీరు చేసి చూసి, ఏమైందో రాయండి. ‘మీ పేజీ చాలా బాగుంది’ అంటే వాళ్లు ధన్యవాదాలు చెప్పి ఊరుకుంటారు. ‘మీరు చెప్పిన మూడో మెట్టు దగ్గర నాకు హమ్ (రేడియోలో వచ్చే గుయ్యిమనే మోత) తగ్గలేదు, ఎర్త్ వైరు మార్చాక తగ్గింది’ అని రాస్తే ఆ మనిషి తన పని పక్కనపెట్టి మీకు జవాబిస్తారు. జవాబు రావడానికి రెండు వారాలు పట్టినా కంగారుపడకండి, మళ్లీ మళ్లీ గుర్తుచేయకండి.

ఇంకోవైపు, విషయం మీద నాలుగు మాటలైనా మాట్లాడకముందే ‘వేరే యాప్‌లో ప్రైవేటుగా మాట్లాడుకుందాం’ అనేవాళ్లను, పెట్టుబడుల మాట ఎత్తేవాళ్లను వెంటనే బ్లాక్ చేయండి. అభిరుచి ఉన్న మనిషికి ఆ అభిరుచి గురించి మాట్లాడటానికే సమయం చాలదు.

ప్రశ్న: నా బుక్‌మార్కులు అందరికీ కనబడేలా పెడితే ప్రమాదమా?

జవాబు: కొన్ని లింకులు కలిపి చూస్తే మనిషి గురించి చాలా తెలిసిపోతుంది. జబ్బు, అప్పు, ఉద్యోగం మారే ఆలోచన, పిల్లల బడి, ఇవేవీ మీరు ఎక్కడా రాయకపోయినా లింకులే చెప్పేస్తాయి. అందుకని సెట్టింగుల్లో ‘ప్రైవేటు’ను మామూలు పద్ధతిగా పెట్టుకుని, మీ అభిరుచికి సంబంధించినవాటిని మాత్రం ఒక్కొక్కటిగా బయటపెట్టండి. బుక్‌మార్కు దాచే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము, పెట్టుకునేముందు అది ఏం అనుమతి అడుగుతోందో చదవండి. క్రోమ్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి వెళ్లి, సైట్ యాక్సెస్ దగ్గర ‘ఆన్ క్లిక్’ ఎంచుకుంటే మీరు బటన్ నొక్కినప్పుడు మాత్రమే అది పేజీని చూడగలుగుతుంది.