రంగస్థల రూపకల్పన తరగతికి ఏ సామగ్రి కొనాలి?

ప్రశ్న: మాది బరంపురం. చిన్న బట్టల దుకాణం నడుపుతున్నాను. ప్లస్ టూ పూర్తిచేసిన మా అమ్మాయి రంగస్థల రూపకల్పనకు సంబంధించిన డ్రాయింగ్ తరగతిలో చేరింది. డిగ్రీ తర్వాత ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు వెళ్లాలని తన కోరిక. తరగతివారు డ్రాయింగ్ సామగ్రి తెచ్చుకోమని మాత్రమే చెప్పారు. దుకాణదారు 48 రంగుల పెట్టె, బొమ్మ నిలబెట్టి వేసుకునే ఈజిల్, ఖరీదైన కుంచెలు కలిపి పెద్ద బిల్లు రాసిచ్చారు. ఇవన్నీ అవసరమా?

జవాబు: ఆ బిల్లులోనివి చిత్రకారులకు పనికివచ్చేవే గాని, మీ అమ్మాయి చేరినది చిత్రకళ తరగతి కాదు. రంగస్థల రూపకర్త గీసిన బొమ్మ వడ్రంగి చేతికి, దర్జీ చేతికి, దీపాలు చూసుకునే మనిషి చేతికి వెళ్లాలి. వారు దానిని చూసి, మళ్లీ వచ్చి అడగకుండా పని మొదలుపెట్టగలగాలి. అందుచేత ఏ వస్తువు కొనబోయినా, దీనితో గీసినది మరొకరికి కొలతతో సహా అర్థమవుతుందా అన్నదే మీకు గీటురాయి.

ఆ లెక్కన మొదటి ఖర్చు పెన్సిళ్ల మీద, కొలబద్ద మీద పెట్టాలి. పెన్సిళ్లలో 2హెచ్, హెచ్‌బి, 2బి, 6బి రెండేసి చాలు. 2హెచ్ గట్టిది కనుక గీత సన్నగా వస్తుంది. 6బి మెత్తనిది, నీడలు దిద్దడానికి బాగుంటుంది. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు గాని, 1:50 స్కేలులో, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతుగా గీసేటప్పుడు కాగితం మీద అర మిల్లీమీటరు మందమున్న గీత వేదిక మీద రెండున్నర సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు అంగుళం అవుతుంది. అదే మొద్దుబారిన 6బితో రెండు మిల్లీమీటర్ల గీత గీస్తే అది పది సెంటీమీటర్లు. గుమ్మం కొయ్యవలసిన వడ్రంగి ఆ గీత లోపలి అంచును లెక్కలోకి తీసుకోవాలా, వెలుపలి అంచునా? కొలబద్దలలో మూడు పలకల స్కేలు ఒకటి కొనండి; దాని మీద 1:25, 1:50 రెండూ ఉన్నాయో లేదో కొట్లోనే చూసుకోండి. దానికి తోడు రెండు మూలమట్టాలు (సెట్ స్క్వేర్లు), ఒక వృత్తలేఖిని ఉండాలి. మీ బంధువులలో ఎవరైనా ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉంటే సరళరేఖలు, కోణాలు గీసుకునే వారి మినీ డ్రాఫ్టర్ తప్పకుండా ఏ అటక మీదో పడి ఉంటుంది, అడిగి తెచ్చుకోండి.

కాగితం ఏ3 పరిమాణంలో తీసుకోవడం మంచిది. ముప్పై అడుగుల వెడల్పున్న వేదిక 1:25 స్కేలులో సుమారు 36.6 సెంటీమీటర్లు వస్తుంది, ఏ3 పొడుగు 42 సెంటీమీటర్లు కనుక అందులో పడుతుంది. పక్కతెరల వెనుక చోటు కూడా చూపవలసి వస్తే 1:50కు దిగాలి. ఏ3కి రెట్టింపు ఉండే ఏ2 కాగితం, దానికి తగ్గ డ్రాయింగ్ బల్ల ఇంకా సౌకర్యమే, కాని దానిని పట్టుకుని రోజూ బస్సు ఎక్కే పిల్లను ఒకసారి ఊహించుకోండి. రోజువారీ అభ్యాసానికి మామూలు తెల్లకాగితాల కట్ట, శుభ్రప్రతులకు 150 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాములలో) కార్ట్రిడ్జ్ అనే డ్రాయింగ్ కాగితం, రంగు వేయడానికి 300 జీఎస్ఎం షీట్లు నాలుగైదు సరిపోతాయి. ట్రేసింగ్ కాగితాన్ని మాత్రం మరవకండి. మొదటి అంకం వేదికా పటం మీద దానిని పరచి, రెండవ అంకంలో జరిపే బల్లలు, తలుపులు మాత్రమే గీసుకుంటే పటమంతా మళ్లీ వేసే శ్రమ తప్పుతుంది.

నల్లకాగితం, తెల్ల పెన్సిలు చాలామందికి తట్టవు. నాటకశాల మొదట చీకటిగా ఉంటుంది, దీపం పడినచోటే మనిషి కనిపిస్తాడు. నల్లకాగితం మీద వెలుగు పడిన భాగాన్ని మాత్రమే గీస్తూ పోతే, తెల్లకాగితం మీద నెలల తరబడి నేర్చినా రాని ఆలోచన కొద్ది రోజులలోనే పట్టుబడుతుంది. నా దృష్టిలో ఈ జాబితా మొత్తంలో ధర తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదే.

రంగులు 12 సీసాల పోస్టర్ కలర్ పెట్టె చాలు. నీటిరంగులు పారదర్శకం కనుక ముదురు మీద లేత రంగు నిలవదు. పోస్టర్ రంగు నిలుస్తుంది. సింథటిక్ కుంచెలలో 2, 6, 10 నంబర్ల గుండ్రనివి, ఒక అంగుళం పలకకుంచె తీసుకోండి. 48 రంగులు చేతిలో ఉంటే పిల్లలు రంగులు కలపడం నేర్చుకోరు. ఈజిల్ వద్దు, కొలతల పటం బల్ల మీద పరిచి వేసేది.

ఒక సామగ్రి మీ దుకాణంలోనే ఉంది. మిగిలిన బట్ట ముక్కలను పారవేయకుండా, పట్టు, నూలు, జార్జెట్ వేరువేరుగా అమ్మాయికి ఇవ్వండి. దుస్తుల బొమ్మ పక్కన అసలు బట్ట ముక్క అంటిస్తే దర్జీకి సందేహం మిగలదు. ఎర్ర దీపం కింద ఆకుపచ్చ బట్ట నల్లగా కనిపిస్తుంది. ఇటువంటివి ముక్క పెట్టి చూసుకోవచ్చు, రంగు పెట్టెతో చూసుకోలేము.

వేదిక చిన్న నమూనా తయారీకి కావలసిన ఫోమ్ బోర్డు, కటింగ్ మ్యాట్, ఉక్కు కొలబద్ద ఇప్పుడే కొనవద్దు. ఉపాధ్యాయులు ఏ స్కేలులో నమూనా చేయిస్తారో తెలిశాక కొనవచ్చు. వాటి బదులు జేబులో పట్టే పుస్తకం ఒకటి ఇప్పించండి. గంజాం పల్లెలలో ప్రహ్లాద నాటకం ఆడేటప్పుడు మెట్ల వేదిక కడతారు గదా, దానిని ఎదుట కూర్చుని గీయమనండి. మెట్టు ఎత్తు రాజు వేషగాడి మోకాలికి ఎంత దిగువన ఉంది, కిరీటంతో సహా అతడు పై మెట్టు మీద నిలబడితే మొత్తం ఎత్తు ఎంత అన్నవి పక్కన రాసుకోవాలి.

ఇక ముందు చదువు సంగతి. 1959లో నెలకొన్న నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల కోర్సులో రూపకల్పన ఒక ప్రత్యేక విభాగం. చేరడానికి డిగ్రీతో పాటు నాటకాలలో పనిచేసిన అనుభవమూ కావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోను, మీకు రైలులో దగ్గరైన విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను రంగస్థల కళల శాఖలు ఉన్నాయి, వాటినీ దృష్టిలో పెట్టుకోండి. నాటకానుభవం కావాలి కనుక డిగ్రీ చదువుతూనే ఊళ్లో ఏ నాటక బృందంతోనైనా తెర వెనుక పనిచేయనివ్వండి. ఆ రోజులలో వేసిన చిత్తుపటాలన్నిటి వెనుక తేదీ, నాటకం పేరు, స్కేలు రాయించండి. శుభ్రప్రతి ఒక్కటే చూపే అభ్యర్థి కన్నా, పటం ఎక్కడ ఎందుకు మార్చిందో చిత్తుప్రతులతో చెప్పగలిగే అభ్యర్థి మాటకు బలం ఉంటుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కనుక వానకాలంలో కాగితం చెమ్మ పట్టి రంగు పాకుతుంది. వాడని షీట్లను, పాత పటాలను ప్లాస్టిక్ కవరులో పెట్టి, చుట్ట చుట్టకుండా బల్లపరుపుగా అలమరలో ఉంచండి.